మరమ్మతు కోరు రంపపు యంత్రము: న్యాయమైన ధర తేల్చుట యెట్లు?

శ్రోతలు మాకు వ్రాయు ఉత్తరములలో కొన్ని ప్రశ్నలు ఋతువులతోపాటు వచ్చుచుండును. తొలకరిలో విత్తనములను గూర్చి అడుగుదురు. కోతల వేళ ధరలను గూర్చి అడుగుదురు. తుపాను వెలిసిన పిమ్మట వచ్చు ప్రశ్నలలో ఒకటి చెట్లు కోయు యంత్రమునకు సంబంధించినది. "వాడిన రంపం మిషను ఒకటి అమ్మకానికి వచ్చింది. స్టార్టు కావడం లేదు. ఎంతకు అడగవచ్చు?" అని. ప్రశ్న చిన్నదే గాని, దీనికి ఒక్క అంకెతో సమాధానము చెప్పుటకు వీలులేదు. ఆ అంకెకు చేరు దారిని మాత్రము చెప్పవచ్చును. ఆ దారినే ఈ ప్రసంగములో వివరింపదలచినాము.

ఈ యంత్రమును అంగడిలో చైన్ సా అనియు, తోటలలో రంపం మిషను అనియు పిలుచుచున్నారు. పదునైన పండ్లు గల ఒక గొలుసును పొడవైన ఉక్కుపట్టీ చుట్టును మిక్కిలి వేగముగా త్రిప్పుట దీని పని. ఆ పట్టీని బారు అందురు. గొలుసును త్రిప్పునది చిన్న పెట్రోలు ఇంజను. జర్మనీ దేశస్థుడైన ఆండ్రియాస్ స్టీల్ 1926లో విద్యుత్తుతో నడచు గొలుసు రంపమును, 1929లో పెట్రోలుతో నడచు రంపమును తయారుచేసెను. నేడు మనము చూచు గొలుసు పండ్ల ఆకృతి మాత్రము అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రమున చెట్లు కొట్టి జీవించిన జోసెఫ్ కాక్స్ అనునతని ఆలోచన. ఆయన 1946లో ఒక మ్రోడును తొలుచుచున్న పురుగును శ్రద్ధగా గమనించెను. అది తన దవడలను ఇటును అటును ఆడించుచు, కొయ్యను ఏ దిక్కుననైనను సునాయాసముగా కోయుట చూచి, ఆ తీరుననే ఉక్కు పండ్లను రూపొందించెను.

మన తీరమున ఈ యంత్రము విలువ తుపానుల తరువాత తెలిసివచ్చును. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్నమును తాకినది. 2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా పలాస ప్రాంతమున తీరము దాటినది. ఉద్దానములోని కొబ్బరి, జీడిమామిడి తోటలు నేలకొరిగినవి. పడిన చెట్టును త్వరగా తొలగింపవలెను. కుళ్లుచున్న కొబ్బరి మ్రాకులలో కొమ్ము పురుగు గ్రుడ్లు పెట్టి పెరుగును. పెరిగి, నిలిచియున్న చెట్ల మొవ్వును తొలుచును. కాబట్టి పడిన చెట్టు, నిలిచిన చెట్టునకు శత్రువగును. గొడ్డలితోను చేతి రంపముతోను రోజంతయు పట్టు పనిని ఈ యంత్రము స్వల్పకాలములో ముగించును. అందుచే అట్టి దినములలో రంపము కొన్నవారు పలువురు. పని తగ్గిన పిదప ఆ యంత్రములలో కొన్ని టాంకులో పెట్రోలుతోనే వసారా మూలలకు చేరినవి.

అట్టి యంత్రము నొకదానిని కొనుటకు, తిత్లీ వచ్చిన మూడవయేట, వరుసకు మాకు బావగారైన ఒక కొబ్బరి రైతు బయలుదేరుచు మమ్మును వెంటబెట్టుకొని వెళ్లెను. అమ్మకమునకు పెట్టినది ఒక వితంతువు. ఆమె భర్త ఆ యంత్రముతో కూలికి చెట్లు కోసి సంసారము నడిపినవాడు. ఆయన పోయి రెండేండ్లు. యంత్రము గోనెసంచిలో చుట్టి అటుక మీద ఉన్నది.

"మా ఆయన పద్దెనిమిది వేలు పోసి కొన్నాడు బాబూ. మొన్న ఒకాయన వచ్చి తాడు లాగి చూసి, ఇంజను పోయింది, రెండువేలు ఇస్తానన్నాడు. ఏటి చేస్తాం, మీరైనా కాస్త చూసి ఇవ్వండి" అని ఆమె అనెను.

ఇచట ఉన్న చిక్కును పాఠకులు గమనింపవలెను. అమ్మునామె మనసులో 18,000 ఉన్నది. కొనవచ్చినవాని నోట 2,000 ఉన్నది. ఈ రెండంకెలలో ఏదియు ఆ యంత్రపు నేటి విలువ కాదు. మొదటిది ఎన్నడో పెట్టిన ఖర్చు. రెండవది తెరచి చూడనివాని భయము. ఈ రెంటికి నడుమ పట్టి పదివేలనుట బేరమే గాని న్యాయము కాదు. యంత్రమునకు ఏమైనదో తెలియక ధర తెలియదు.

కావున మొదట పరీక్ష. దీనికి పెద్ద సామగ్రి అక్కరలేదు. ఒక స్క్రూ డ్రైవరు, ప్లగ్గు విప్పు పానా, ఒక టార్చిలైటు చాలును.

మొదట, స్విచ్చి ఆపియుంచి తాడును మెల్లగా లాగవలెను. లోపల గాలి నొక్కబడి తాడు చేతికి బిగువుగా తగిలి, ఆ పట్టు దాటగనే సడలవలెను. ఈ బిగువునే మెకానిక్కులు కంప్రెషను అందురు. తాడు పిడిని పట్టి యంత్రమును వ్రేలాడదీసినచో, మంచి ఇంజను తటాలున జారక ఆగి ఆగి దిగును. మేస్త్రీ వద్ద గేజి యున్నచో లెక్కతో చూడవచ్చును. చదరపు అంగుళమునకు 120 పౌనులకు పైబడినచో ఇంజను బాగున్నదని సామాన్యముగా తలతురు. 90కి దిగువ ఉన్నచో స్టార్టగుట కష్టము.

రెండవది, అన్నిటికంటె ముఖ్యమైనది, సైలెన్సరు విప్పి చూచుట. దాని వెనుక నున్న రంధ్రమునుండి టార్చి వేసినచో పిస్టను ప్రక్కభాగము కనిపించును. అది నునుపుగా ఉన్నచో సంతోషింపవచ్చును. నిలువునా గీతలు పడి, లోహము చెరిగియున్నచో ఇంజను ఒకప్పుడు పట్టివేసినదని అర్థము. దీనికి తరచు కనిపించు కారణము నూనె లేమి. ఈ ఇంజనులో నూనెకు వేరే తొట్టి లేదు. పెట్రోలులో కలిపిన నూనెయే పిస్టనుకు రక్ష. కంపెనీ పుస్తకములో 50కి 1 పాలు అని యున్నచో లీటరు పెట్రోలునకు 20 మిల్లీలీటర్లు, 25కి 1 పాలు అని యున్నచో 40 మిల్లీలీటర్లు టూస్ట్రోకు నూనె కలుపవలెను. తెలియక ఒట్టి పెట్రోలు పోసి నడపినచో కొద్దిసేపటిలోనే పిస్టను, సిలిండరు గీసుకొనిపోవును.

మూడవది నిప్పురవ్వ. ప్లగ్గు విప్పి, దాని తీగకు తగిలించి, టాంకునకును ప్లగ్గు రంధ్రమునకును దూరముగా ఇంజను లోహమునకు ఆనించి, స్విచ్చి వేసి తాడు లాగినచో నీలిరంగు రవ్వ కనిపింపవలెను. ప్లగ్గు మొన గోధుమ వన్నెలో ఉన్నచో ఇంజను సరిగా నడచినదనియు, తెల్లగా పాలిపోయి ఉన్నచో మిక్కిలి వేడెక్కినదనియు గ్రహింపవలెను.

నాలుగవది పెట్రోలు దారి. టాంకులోని ఫిల్టరు, రబ్బరు పైపు, కార్బొరేటరు చూడవలెను. నెలల తరబడి నిలువయున్న పెట్రోలు జిగురుగా మారి సన్నని రంధ్రములను మూసివేయును. కార్బొరేటరులోని పలుచని పొరలు బిరుసెక్కును. పైపు చిట్లును. ఇవి చవుకగా మారు భాగములు. 2025 నాటికి మన దేశమున పెట్రోలులో నూటికి 20 పాళ్ల వరకు ఇథనాలు కలుపుట అమలులోనికి వచ్చినది. ఇథనాలు తేమను పీల్చుకొనును. కావున రంపమును దాచిపెట్టునపుడు టాంకును ఖాళీచేసి, మిగిలినది మండిపోవువరకు నడిపి ఉంచుట మునుపటికంటె నేడు మరింత అవసరము.

ఐదవది, ఇంజను ప్రక్కనున్న ఫ్లైవీలును చేత పట్టి పైకి క్రిందికి కదల్పవలెను. లోటు ఉన్నచో బేరింగులు అరిగినవని తెలియును. పిదప బారు అంచులు, గొలుసు పండ్లలో మిగిలిన పొడవు, గొలుసును త్రిప్పు పండ్ల చక్రము, గొలుసునకు నూనె అందు మార్గము చూడవలెను. కడపట గొలుసు బ్రేకు. బారు మొన కొయ్యకు తగిలినపుడు యంత్రము ఒక్కసారిగా కోయువాని ముఖము మీదికి ఎగురును. అప్పుడు గొలుసును ఆపి ప్రాణము కాపాడునది ఆ బ్రేకు. అది పనిచేయకున్నచో, బాగుచేయించిన పిమ్మటనే యంత్రమును నడపవలెను. ఆ ఖర్చును మరమ్మతు లెక్కలో తప్పక చేర్చవలెను.

మేము ఆ వసారాలో కూర్చుండి ఈ పరీక్షలన్నియు ఒకటొకటిగా చేసితిమి. తాడు బిగువుగా ఉన్నది. పిస్టను మీద ఒక్క గీత లేదు. ఆ ఇంటి యజమాని నూనె సరిగా కలిపి నడపినాడన్నమాట. రవ్వ వచ్చినది. టాంకు మూత తీయగా మాత్రము పెట్రోలు వాసనకు బదులు వార్నీషు వంటి వాసన వచ్చినది. పైపు ముట్టుకొనగనే విరిగినది. ఇంజను పోలేదు. దానికి పెట్రోలు అందుటలేదు, అంతే. గొలుసు పండ్లు మాత్రము చివరి వరకు అరిగినవి.

అప్పుడు బావగారు మమ్మును పెరటిలోనికి పిలిచి, "ఆవిడ రెండువేలకే సిద్ధపడి ఉంది. ఇంకో ఐదువందలు ఎక్కువిస్తే సంతోషిస్తుంది. మనం నోరు మూసుకుంటే సరిపోతుంది" అనెను.

ఆ మాటకు మేము వెంటనే బదులు చెప్పలేకపోయితిమి. బావగారు దుర్మార్గుడు కాడు. ఆయన తోట కూడ తిత్లీలో పోయినది. తిరిగి నాటిన దేశవాళీ కొబ్బరి కాపునకు రావలెనన్నచో ఐదారేండ్లకు పైగా పట్టును. ఆయన చేతిలోని ప్రతి రూపాయియు లెక్కలోనిదే. బజారులో ఎవరి తెలివి వారిదను వాదమును లేకపోలేదు. అయినను ఈ సందర్భమున ఒక భేదము కలదు. అమ్మునామె మనలను ఒక్క మాట అడిగినది, "చూసి ఇవ్వండి" అని. ఆమె తన యంత్రమును మన చేతికిచ్చి, విప్పనిచ్చి, మన చూపును నమ్మినది. ఆ నమ్మకము వలన తెలిసిన సంగతిని ఆమెకే దాచి, ఆమె అజ్ఞానమును ధరగా కట్టుట తగదని మాకు తోచినది. ఈ మాటనే బావగారితో చెప్పితిమి. ఆయన కొంతసేపు మౌనముగా ఉండి, "అయితే న్యాయమైన ధర ఎంతో నువ్వే కట్టు" అనెను.

ఆ లెక్క ఇట్లు కట్టితిమి. అట్టి యంత్రమే నడచుచున్న స్థితిలో ఉన్నచో ఆ ప్రాంతమున ఎంత పలుకునో ముందే ఇద్దరు మేస్త్రీలను విచారించి యుంటిమి. 9,000 అని తేలినది. క్రొత్తదాని ధరతో ఇచట పనిలేదు. ఆ 9,000 నుండి మరమ్మతు ఖర్చు తీసివేయవలెను. కార్బొరేటరు పొరల కిట్టు, పైపు, ఫిల్టరు, ప్లగ్గు కలిసి 900. క్రొత్త గొలుసు 700. మేస్త్రీ కూలి 500. వెరసి 2,100. మిగిలినది 6,900. ఇక మూడవ అంశము, అనుమానము. నడవని యంత్రమును ఎంత పరీక్షించినను, నడచిన పిమ్మటగాని బయటపడని లోపములు కొన్ని ఉండును. ఆ అపాయమును కొనువాడు మోయుచున్నాడు కనుక దానికి 900 తగ్గించుట ధర్మము. న్యాయమైన ధర 6,000.

ఈ మూడు మెట్లను శ్రోతలు గుర్తుంచుకొందురుగాక. నడచు స్థితిలోని విలువ. అందుండి మరమ్మతు ఖర్చు. అందుండి అనుమానపు భాగము. అంకెలు ఊరికి ఊరికి, ఏటికేడు మారును. పద్ధతి మారదు.

ఈ పద్ధతితోనే చూచినచో మొదట వచ్చి 2,000 ఇత్తునన్నవాడును మోసగాడని చెప్పుటకు వీలులేదు. అతడు సైలెన్సరు విప్పలేదు. పిస్టను, సిలిండరు పోయినవేమో యని భయపడినాడు. ఆ సెట్టు మార్చుటకు మరి 3,500 అగుననుకొన్నచో, 6,900 లోనుండి అది పోగా మిగులునది 3,400. అనుమానమునకు మరికొంత తీసినచో ఇంచుమించు అతని ధరకే వచ్చితిమి. అనగా ఆమె పోగొట్టుకొనబోయిన సొమ్ములో అధికభాగము యంత్రములోని లోపము వలన కాదు, లోపమేదో తెలియకుండుట వలన. కావుననే అమ్మువారికి మా హితవు: యంత్రమును విప్పి చూచుకొననిండు, వీలైనచో ముందుగా మీరే ఒక మేస్త్రీకి చూపి, ఆయన చెప్పినది కాగితము మీద వ్రాయించి ఉంచుడు. దాచిన యంత్రమునకు కొనువాడు భయమునకు తగిన ధరయే ఇచ్చును.

మేము లోనికి వెళ్లి ఉన్నదున్నట్లు చెప్పితిమి. "అయితే ఇంజను పోలేదా బాబూ!" అని ఆమె కన్నులు తుడుచుకొనెను. మరుక్షణముననే, "అయితే ఎనిమిదివేలు ఇప్పించండి" అనెను. బావగారు మా వంక చూచిన చూపు ఇంకను మరువలేదు. నిజము చెప్పినవారికి ఇట్టి బహుమానము అరుదు కాదు. ఇచట కోపము తెచ్చుకొనరాదు. ఇంటరు చదువుచున్న ఆమె కుమార్తెను పిలిచి, ఆ లెక్కను కాగితము మీద వరుసగా వ్రాసి చూపితిమి. ఆ బాలిక ఒక్కొక్క అంకెను చదివి, గొలుసు దగ్గర ఆగి, "నాన్న పెట్టెలో కొత్త గొలుసు ఒకటి ఉందండీ" అని లోనికి పోయి తెచ్చెను. చుట్టు విప్పని గొలుసు, బారునకు సరిపోయినది. ఇక 700 తగ్గించుటకు హేతువు లేదు. ధర 6,700 అయినది. బావగారు కాదనలేదు. లెక్క వ్రాసి చూపుటలోని లాభమిదియే. వట్టి బేరములో ఎనిమిదివేలనువాడును ఐదువేలనువాడును మొండితనము మీద నిలుతురు. లెక్కలో ఎవరు సరియైన సంగతి తెచ్చిన వారి వైపు అంకె కదలును.

చెల్లింపును రెండు భాగములు చేసితిమి. 5,700 అప్పటికప్పుడు, మరమ్మతు చేసి స్టార్టయిన పిమ్మట 1,000. లోపల పెద్ద లోపము బయటపడినచో ఆ వేయి రూపాయలు దానికి పోవలెనని, చిన్నదైనచో కొనువాడే భరింపవలెనని మాట. మేస్త్రీ విప్పగా, ఇంజను ఇరుసు వద్ద నున్న నూనె సీలు కూడ ఎండి గాలి లాగుచున్నట్లు తేలినది. దానికి 650 అయినది. అనుమానము క్రింద తగ్గించిన 900 లో అది సరిపోయినది. బావగారు ఆ లెక్కను తానే చెప్పి, మిగిలిన వేయి రూపాయలు పట్టుకొని తానే ఆ యింటికి వెళ్లి ఇచ్చి వచ్చెను.

కొనువారు మరువరాని సంగతులు మరి రెండు ఉన్నవి. యంత్రము మీది నెంబరును, దొరికినచో పాత బిల్లును చూచి, అమ్మకమునకు చిన్న రసీదు వ్రాయించుకొనవలెను. దొంగసొత్తునకు న్యాయమైన ధర యనునది లేదు. ఇక, రంపము మనదైనంత మాత్రమున ప్రతి చెట్టును కోయు హక్కు మనకు రాదు. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము ప్రకారము చెట్లు కొట్టుటకు అధికారి అనుమతి కావలెను. కొన్ని జాతులకు మినహాయింపు కలదు. ముందుగా విచారించుకొనుట మేలు.

తుపానులు మరల రాకపోవు. చెట్లు మరల పడకపోవు. అప్పుడు ఒక యింటి అటుక మీది పాత రంపము మరియొక యింటి తోటను కాపాడవలసి వచ్చును. అది చేతులు మారునపుడు ఇచ్చినవారును పుచ్చుకొన్నవారును మరునాడు సంతలో ఎదురుపడి, తలవంచుకొనక పలుకరించుకొనగలిగినచో, ఆ ధర న్యాయమైనదే.